ముందు ఎత్తు, తర్వాతే ప్రొపెల్లర్ – కాశిమేడులో ఒక ఔట్‌బోర్డు షెడ్డు

ఔట్‌బోర్డులు, అంటే బోటు వెనక బయటివైపు తగిలించే ఇంజిన్లు, బాగుచేసే షెడ్డు ఇది. పేరు రాద్దామంటే బోర్డు లేదు. మేస్త్రీ పేరు రాయనా అని అడిగితే, "వద్దు బాబాయ్ గారూ, ఉన్న పనే తెమలట్లేదు" అన్నాడు. కాబట్టి గుర్తులే చెప్తాను. చెన్నైలో కాశిమేడు చేపల రేవు వైపు వెళ్తుంటే ఐస్ ఫ్యాక్టరీ గోడనానుకుని నీలం రేకుల షెడ్డు ఒకటి ఉంటుంది. గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టాల్సిన చోట ఒక రెక్క విరిగిన ప్రొపెల్లర్ వేలాడుతుంటుంది. అదే.

ఐదుకి నాలుగున్నర ఇస్తున్నాను. నేను అంత తేలిగ్గా మార్కులు వేసేవాణ్ణి కాదు. పెరంబూరు ఐసీఎఫ్ రైలుపెట్టెల ఫ్యాక్టరీలో ముప్ఫై రెండేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. ఎదుటివాడి పనిలో వంకలు పట్టడం నాకు అన్నం పెట్టిన అలవాటు. ఈసారి వంక నా తెలివిలోనే బయటపడింది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, నాలాంటివాళ్లు ఇంకా ఉంటారు కదా.

రెండేళ్ల కిందట నేనూ మా బావమరిదీ కలిసి 19 అడుగుల ఫైబర్ బోటు కొన్నాం. వెనక యమహా 60 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్. ఆదివారం తెల్లారకముందే గాలం వేటకి వెళ్తాం. అదృష్టం బాగుంటే వంజరం, లేకపోతే పార, అదీ లేకపోతే కాశిమేడు వేలంలో కొనుక్కుని ఇంటికెళ్లి పట్టామని చెప్పడం. బోటు అమ్మినచోటే ఇంజిన్ కూడా బిగించి ఇచ్చారు. ఆ చోటు పేరు ఎందుకులెండి.

మొదటిరోజు నుంచే ఏదో తేడాగా ఉండేది. థ్రాటిల్ మొత్తం తోసినా మీటరు నిమిషానికి 4,700 చుట్లు దాటేది కాదు. ఇంజిన్‌తో వచ్చిన పుస్తకంలో ఫుల్ థ్రాటిల్ మీద 5,000 నుంచి 6,000 మధ్య తిరగాలని రాసుంది. స్టీరింగు బరువు. వెనక నీళ్లు ఫౌంటెన్‌లా లేచి ఐస్‌పెట్టె మీద పడేవి. నలుగురం ఎక్కితే బోటు మూతి ఆకాశానికి ఎత్తి, అలాగే ఈడ్చుకుంటూ పోయి, ఎప్పటికో మూతి దించి నీటిమీద జారుతూ పోయేంతగా పైకి తేలేది. ఆరుగురు ఎక్కితే తేలడమే లేదు.

అమ్మినవాళ్లని అడిగితే, స్పీడు కావాలంటే ప్రొపెల్లర్ పిచ్ పెంచాలన్నారు. వినడానికి బాగానే ఉంది. పిచ్ అంటే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగితే నీటిని కోసుకుంటూ ఎన్ని అంగుళాలు ముందుకెళ్లాలో ఆ లెక్క. 13 అంగుళాలున్నదాన్ని 14 చేస్తే చుట్టుకో అంగుళం లాభం కదా అనుకున్నాను. 16,000 రూపాయలు పోసి కొత్తది బిగించాను. ఇంజిన్ 4,500కి పడిపోయింది. ఉన్న స్పీడు కూడా పోయింది. మా బావమరిది ఏమీ అనలేదు, ఐస్‌పెట్టె మీద కూర్చుని సముద్రం వైపు చూశాడు. తిట్టినా బాగుండేది.

తిరుమల ఘాట్ రోడ్డు నాలుగో గేరులో ఎక్కించబోతే బండి ఏం చేస్తుంది? గుద్దుకుంటూ, ఆయాసపడుతూ ఆగిపోతుంది. పిచ్ పెంచడమంటే అదే, పెద్ద గేరు వెయ్యడం. ఎత్తు ఎక్కలేని బండికి నేను ఐదో గేరు వేశాను. ఇంజిన్‌ని ఎప్పుడూ అలా కిందిస్థాయి చుట్ల మీద ఫుల్ థ్రాటిల్‌తో తోలితే దానికీ మంచిది కాదు, పెట్రోలుకీ మంచిది కాదు. ఇంత చిన్న విషయం ముప్ఫై రెండేళ్ల ఫిట్టరుకి తట్టలేదు.

రేవులో ఒకాయన ఈ షెడ్డు సంగతి చెప్పాడు. మేస్త్రీది కాకినాడ ఏటిమొగ. చెన్నై వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. తమిళం కూడా గోదావరి యాసలోనే మాట్లాడతాడు. నేను ప్రొపెల్లర్ సంచి తీసి బల్లమీద పెట్టి, "12 కావాలా, 11 కావాలా చెప్పు మేస్త్రీ" అన్నాను. అతను సంచి వైపు కూడా చూడలేదు. "ప్రొపెల్లర్ కేమొచ్చిందండి, ముందు బోటు చూద్దారి" అని లేచాడు.

బోటు ట్రాలీ మీద ఉంది. తిన్నగా ఉన్న అల్యూమినియం చానల్ ఒకటి తెచ్చి బోటు అడుగున సరిగ్గా మధ్య గీతకి ఆనించి వెనక్కి ఇంజిన్ దాకా పట్టుకోమన్నాడు. ఔట్‌బోర్డు కాలికి, ప్రొపెల్లర్ రెక్కలకి పైన అడ్డంగా ఒక పలక ఉంటుంది, చూసే ఉంటారు. ఆ పలక బోటు అడుగుతో సమానంగా, లేదా కాస్త పైకి ఉండాలి. కొత్తగా బిగించేటప్పుడు మొదలెట్టాల్సింది అక్కణ్ణించే. మా ఇంజిన్ పలక చానల్ కంటే అంగుళం మీద రెండు నూళ్లు, అంటే అంగుళంపావు, కిందికుంది. అతను టేపు పెట్టి కొలిచి, నాకు చూపించి, పలక మీద సుద్దతో గీత గీశాడు. ఏమీ అనలేదు.

నేనే అడిగాను, అంత చిన్న తేడాకేనా అని.

"నడుం లోతు నీళ్లల్లో నడవండి, మోకాలి లోతులో నడవండి. ఒకటేనా?" అన్నాడు.

అంతే సంగతి. ఇంజిన్ కాలు ఎంత లోతుకి దిగితే నీళ్లు దాన్ని అంతగా పట్టి లాగుతాయి. ఆ పలక నీటి పైతలానికి దగ్గరగా జారాల్సింది పోయి నీళ్లని దున్నుతుంటే వెనక ఫౌంటెన్ లేస్తుంది. స్టీరింగు బరువెక్కడం కూడా అందుకే. మాకు బోటు అమ్మినవాళ్లు ఇంజిన్‌ని బోటు వెనక పలక మీద కూర్చోబెట్టి, ఎక్కడ కూర్చుందో అక్కడే బోల్టులు కొట్టేశారు. బ్రాకెట్‌కి పైకి కిందికి జరుపుకోడానికి రంధ్రాలుంటాయి, ఒక్కో రంధ్రానికి ముప్పావు అంగుళం తేడా. అవి ఉన్నవి అందుకేనని మా ఇద్దరికీ తెలీదు. కొనేవాళ్లకి ఒక మాట: ఇంజిన్ షాఫ్టు 15, 20, 25 అంగుళాల్లో వస్తుంది. బోటు వెనక పలక ఎత్తు కొలవకుండా షాఫ్టు ఎంచుకుంటే తర్వాత ఎన్ని రంధ్రాలు జరిపినా సరిపోదు. మాది 20కి 20, అక్కడ మాత్రం బతికిపోయాం.

ఇంజిన్ ఎత్తేముందు అతను చేసిన ఒక పని చెప్పాలి. చిన్న సుత్తి తీసుకుని బోటు వెనక పలకంతా కొట్టుకుంటూ పోయాడు. టక్, టక్, టక్. ఒకచోట చెవి దగ్గర పెట్టి మళ్లీ కొట్టాడు. ఫైబర్ లోపల చెక్క ఉంటుంది, బోల్టు రంధ్రంలోంచి నీళ్లు దిగితే చెక్క నానిపోతుంది, అప్పుడు టక్‌మనదు, దబ్‌మంటుంది. మాది ఒక్క కింది బోల్టు చుట్టూ రూపాయి బిళ్లంత మేర దబ్‌మంది. కారణం, ఆ బోల్టుకి సీలెంట్ వెయ్యలేదు. తొలిచి, ఆరబెట్టి, రెజిన్ నింపి మళ్లీ రంధ్రం వెయ్యడానికి రెండు రోజులు పట్టింది. ఇంకో ఏడాది వదిలేస్తే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ టెన్షనే. అది 110 కేజీల పైచిలుకు ఇంజిన్. బోల్టులు జార్జిటౌన్ వెళ్లి 316 స్టెయిన్‌లెస్‌వే తెమ్మన్నాడు. చూడ్డానికి 304 కూడా అలాగే మెరుస్తుంది, కానీ 316లో మాలిబ్డినం ఉంటుంది, ఉప్పునీటికి అదే తట్టుకుంటుంది. ఈ ఒక్క విషయం నాకు ముందే తెలుసు, మొహం కాస్త తెరిపినపడింది.

ప్రొపెల్లర్ విప్పితే దాని వెనక షాఫ్టుకి నైలాన్ గాలం తాడు చుట్టుకుని ఉంది, మూడు బారలుంటుంది. మాదే. అది సీలు దాకా దిగి కోసేస్తే గేర్‌బాక్సులోకి నీళ్లు పోతాయి, ఆయిలు మజ్జిగలా తెల్లబడుతుంది. మాకు ఇంకా తెల్లబడలేదు, కానీ సీలు మీద గీత పడింది. మార్చేశాడు. గాలం వేసేవాళ్లు నెలకోసారైనా ప్రొపెల్లర్ విప్పి చూసుకోండి. షాఫ్టు మీది గాళ్లకి (స్ప్లైన్‌కి) గ్రీజు పూసి, వాషర్లు ఏ వరసలో వచ్చాయో అదే వరసలో పెట్టి, కాటర్ పిన్ కొత్తది వెయ్యండి.

బావమరిదికి నచ్చింది ఇంకో చిట్కా. ప్రొపెల్లర్ మధ్యలో రబ్బరు బుష్ ఉంటుంది. రెక్క దేనికైనా తగిలితే గేరు విరక్కుండా ఆ రబ్బరు జారుతుంది. కానీ ఒకసారి పట్టు తప్పిందంటే లోడు పడినప్పుడల్లా జారుతూనే ఉంటుంది. ఇంజిన్ అరుస్తుంది, బోటు కదలదు. అది పట్టుకోడానికి లోపలి ఇత్తడి బుష్ మీద నుంచి బయటి అల్యూమినియం దాకా ఒకే గీత గియ్యమన్నాడు. తిరిగొచ్చాక గీత తెగి రెండు ముక్కలు పక్కపక్కకి జరిగుంటే రబ్బరు పోయినట్టే. మా చెల్లెలి నెయిల్ పాలిష్ తెచ్చి గీశాడు బావమరిది. ఎర్రగా ఇప్పటికీ ఉంది, తెగలేదు.

ఇక అసలు రోజు. పొద్దున ఆరింటికి రేవు బయటికి వెళ్లాం. మేస్త్రీ, అతని కుర్రాడు, మేమిద్దరం, పూర్తి ఐసు, నిండు ట్యాంకు. ఖాళీ బోటుతో చూసుకుని సంబరపడొద్దన్నాడు, రోజూ ఎంత బరువుతో వెళ్తామో అంత బరువు ఉండాల్సిందే. బోటు అడుగున పట్టిన గుల్లలు ముందురోజే గీకించాడు. ఒకే గీత మీద వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి, రెండింటి సగటు తియ్యాలి, లేకపోతే నీటివాలు మనల్ని మోసం చేస్తుంది. ఫోన్‌లో జీపీఎస్, నా చేతిలో నోటుపుస్తకం. ఇంజిన్ వంపు ప్రతిసారీ ఒకటే.

పాత ఎత్తులో 13 పిచ్ లెక్క నా పుస్తకంలో ముందే ఉంది: 4,700, గంటకి 38 కిలోమీటర్లు. ఇప్పుడు అదే ప్రొపెల్లర్, ఇంజిన్ మాత్రం రెండు రంధ్రాలు పైకి, అంటే అంగుళంన్నర. పలక బోటు అడుగు కంటే పావంగుళం పైకి వచ్చింది. 4,950, 41 కిలోమీటర్లు. ఫౌంటెన్ లేదు. స్టీరింగు రెండు వేళ్లతో తిరిగింది. బావమరిది వెనక్కి తిరిగి ఐస్‌పెట్టె మీద చెయ్యి పెట్టి చూసి, "బావా, పొడిగా ఉంది" అన్నాడు.

ఇంత సుఖంగా ఉంటే నాకు ఆశ పుట్టింది. ఇంకో రంధ్రం ఎత్తమన్నాను. "ఎత్తుదారి, మీకే తెలుస్తాది" అన్నాడు మేస్త్రీ. గట్టుకొచ్చి చైన్‌బ్లాక్ వేసి ఇంకో ముప్పావు అంగుళం లేపాం. తిన్నగా పోతే బాగానే ఉంది, ఇంకాస్త స్పీడు కూడా వచ్చింది. పక్క అలకి తిప్పగానే ఇంజిన్ ఒక్కసారిగా గీపెట్టింది, మీటరు 6,000 దాటింది, బోటు మాత్రం గొయ్యిలో పడ్డట్టు కుంగింది. నేను పెద్ద తెలిసినవాడిలా "కావిటేషన్" అన్నాను. కాదట, గాలి మింగుతోందట. అతనే కరెక్టు. పైతలం నుంచి గాలి రెక్కల్లోకి దిగి పట్టు పోవడం ఒకటి. రెక్క వెనక ఒత్తిడి బాగా పడిపోయి నీళ్లే బుడగలై, అవి పేలి రెక్క లోహాన్ని తినేయడం ఇంకొకటి, కావిటేషన్ అంటే అది. 1890లలో ఇంగ్లండులో పార్సన్స్ అనే ఇంజినీరు టర్బైన్‌తో నడిచే ఓడ కట్టి, ఎంత పవరున్నా స్పీడు రాక తల పట్టుకున్నది దానివల్లే. చివరికి మూడు షాఫ్టులు పెట్టి, షాఫ్టుకి మూడేసి ప్రొపెల్లర్లు వేసి గట్టెక్కాడు. మనందరం ఆ అడ్డపలకని కావిటేషన్ ప్లేటు అంటాం గానీ అది ఆపేది గాలిని.

ఇంకో సంగతి నేను గమనించనే లేదు. ఇంజిన్ పక్కనుంచి సన్నగా చిమ్మే నీటిధార ఉంటుంది కదా, చల్లబరిచే నీళ్లు తిరుగుతున్నాయని చెప్పేది. మేస్త్రీ వెనక్కి వంగి దానికింద అరచెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. రెండో రంధ్రంలో ధార గట్టిగా తగిలింది. మూడో రంధ్రంలో వంపు తిరిగినప్పుడల్లా తెగి తెగి వచ్చింది. నీళ్లు పీల్చే జల్లెళ్లు ఇంజిన్ కాలి మీదే ఉంటాయి, మరీ ఎత్తితే అవీ గాలి పీలుస్తాయి. స్పీడు చూసుకుంటూ ఇంజిన్ మాడబెట్టుకునేవాణ్ణి. మారు మాట్లాడకుండా రెండో రంధ్రానికి దింపేశాం.

అప్పుడు, అప్పుడు మాత్రమే, ప్రొపెల్లర్ల సంచి విప్పాడు. అది నాది కాదు, అతనిది. ఈ షెడ్డుకి నేను మార్కులు వేసింది దీనికే: వాడిన ప్రొపెల్లర్లు, రెక్కలు సరిచేసినవి, వేరే వేరే పిచ్‌లవి అతని దగ్గర ఉంటాయి, ట్రయల్‌కి ఇస్తాడు. చూసుకుని, తేల్చుకుని, కొత్తది వెళ్లి డీలరు దగ్గర కొనుక్కోమంటాడు. బట్టల కొట్టులో కూడా చొక్కా తొడిగి చూసుకుంటాం, 16,000 పెట్టే ప్రొపెల్లర్‌కి ఆ వీలు ఎవరిస్తున్నారు?

పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే ఇంజిన్ 150 నుంచి 200 చుట్లు పెరుగుతుందని ఒక లెక్క ఉంది. మాకు కాస్త ఎక్కువే పెరిగింది. 12 పిచ్ వేస్తే 5,200, 42 కిలోమీటర్లు. 11 పిచ్, దాని వ్యాసం కాస్త పెద్దది, 11⅝ అంగుళాలు: 5,450, మళ్లీ 42 కిలోమీటర్లే. నేను 12 అన్నాను. మేస్త్రీ "ఎంతమంది ఎళ్తారండి వేటకి?" అని అడిగాడు. నలుగురు, పండగలకి ఆరుగురు. "అయితే 11" అన్నాడు. టాప్ స్పీడు ఒకటే అయినా బోటు నీటిమీదికి తేలడానికి పాత ఏర్పాటులో పదకొండు సెకన్లు పట్టేది, 11తో ఆరు. పై ఆదివారం ఆరుగురం ఎక్కాం, 5,200 తిరిగింది, తేలింది. 12 తీసుకునుంటే ఆరుగురితో 5,000 దగ్గరే కొట్టుకునేది.

ఇంటికొచ్చి లెక్క వేశాను, లెక్క వెయ్యకపోతే నిద్రపట్టదు. ఇంజిన్ చుట్లని పిచ్‌తో గుణించి, గేరు రేషియోతో భాగించి, మళ్లీ 656తో భాగిస్తే గంటకి కిలోమీటర్లు వస్తాయి. మా ఇంజిన్ రేషియో 1.85. పాత ఏర్పాటులో లెక్క ప్రకారం 50 రావాలి, వచ్చింది 38, అంటే నాలుగో వంతు జారుడుకే పోయింది. ఇప్పుడు లెక్క 49, వస్తున్నది 42. జారుడు 15 శాతానికి దిగింది. జారుడు సున్నా అవడం ఉండదు, నీళ్లు చెక్క కాదు కదా స్క్రూలా దిగడానికి. పెట్రోలు సంగతి: ఒకే చోటికి పోయిరావడానికి 38 లీటర్లు తాగేది ఇప్పుడు 31, 32 తాగుతోంది.

బావమరిదికి స్టెయిన్‌లెస్ ప్రొపెల్లర్ మీద మనసుంది. సన్నటి రెక్క, వంగదు, స్పీడు కాస్త ఎక్కువే. మేస్త్రీ వద్దన్నాడు. మేం కోవళం వైపు మొగల దగ్గర ఇసుక మేటల పక్కనుంచి పోతుంటాం. అల్యూమినియం అయితే రెక్క వంగుతుంది, రెండున్నర వేలకి సరిచేస్తాడు. స్టెయిన్‌లెస్ వంగదు, ఆ దెబ్బ గేర్ల దాకా పోవచ్చు. రిపేరు చేసేవాడే ఖరీదైన రిపేరు రానివ్వొద్దని చెప్తుంటే ఇంక వినక ఏం చేస్తాం.

ఖర్చు: ఇంజిన్ జరపడం, వెనక పలక బాగుచెయ్యడం 6,500. సీలు, గేర్ ఆయిలు 1,900. సముద్రం మీద ట్రయల్ 1,500, పెట్రోలు మనదే. బోల్టులు, సీలెంట్ 1,350. కొత్త 11 పిచ్ ప్రొపెల్లర్ డీలరు దగ్గర 15,500.

అర మార్కు ఎందుకు తగ్గించానంటే, బుధవారం ఇస్తానన్న బోటు శనివారం ఇచ్చాడు. మధ్యలో ఫోన్ ఎత్తలేదు. బిల్లు అడిగితే సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసిచ్చాడు. కూర్చోడానికి ఒక డీజిల్ డబ్బా, దానిమీద కూడా ముందుగా అతని కుక్క కూర్చుని ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో మాత్రం వెళ్లకండి. రేవులో మరబోట్లన్నీ ఆ రెండు నెలల్లోనే రిపేర్లకి ఎక్కుతాయి, మన ఆదివారం బోటుని ఎవరూ పట్టించుకోరు. ఫిబ్రవరిలో వెళ్లండి, పొద్దున ఏడింటికి పక్కనున్న టీకొట్టు దగ్గరే దొరుకుతాడు.

పాత 13ని అంచులు సరిచేయించి బోటులో స్పేరుగా పెట్టుకున్నాం. 14 పిచ్‌ది, 11¼ వ్యాసం, రెండు గంటలే తిరిగింది, పెట్టెతో సహా ఇంట్లో ఉంది. సగం ధరకి ఇచ్చేస్తాను. కాకపోతే అడిగేవాళ్లు ముందుగా ఇంజిన్ కాలి మీది పలక ఏ ఎత్తులో ఉందో, ఫుల్ థ్రాటిల్ మీద మీటరు ఎంత చూపిస్తోందో చెప్పాలి. 6,000 దాటుతుంటేనే ఇస్తాను.